సబ్సిడీ ప్రకటించే ముందు నేల వేడి కొలిపించండి

తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ఇంధన శాఖల ఉన్నతాధికారులకు, పునరుత్పాదక ఇంధన సంస్థలైన టీజీ రెడ్కో, నెడ్‌క్యాప్‌ల అధికారులకు, రెండు రాష్ట్రాల భూగర్భ జల శాఖలకు బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

2025 సెప్టెంబరులో కేంద్ర నూతన, పునరుత్పాదక ఇంధన శాఖ జాతీయ భూతాప ఇంధన విధానాన్ని విడుదల చేసింది. ఇళ్లనూ భవనాలనూ చల్లబరిచే, వెచ్చబరిచే గ్రౌండ్ సోర్స్ హీట్ పంపులను, అంటే బోర్లలో దించిన పైపుల ద్వారా గదికీ నేలకీ మధ్య వేడిని మార్చే యంత్రాలను కూడా అందులో చేర్చింది. దాని ఆధారంగా ఇక్కడ నిబంధనలు రాయాల్సిందీ, ప్రోత్సాహకాలు ఇవ్వాల్సిందీ మీరే. ఆ పని మొదలయ్యేలోగా మేము చెప్పదలచుకున్న మాట ఒకటుంది. ఈ యంత్రం మంచిదే. కానీ అమెరికాలోని చలి రాష్ట్రం మిన్నెసోటాలో ఒక ఇంటికి అది చేసే పని వేరు, హైదరాబాద్‌లో చేసే పని వేరు. టన్నుకు ఇంత అని సబ్సిడీ ప్రకటిస్తే ఊరు నిండా బోర్లు పడతాయి. కొన్నేళ్లకు వాటి చుట్టూ నేల వేడెక్కి, మండుటెండల్లో కంప్రెసర్లు ట్రిప్పవుతాయి. ఈ పద్ధతే దండగన్న పేరు మిగులుతుంది.

ముందుగా ఒక గందరగోళం తొలగించుకోవాలి. మణుగూరు దగ్గర పగిడేరులో సింగరేణి సంస్థ పెట్టిన 20 కిలోవాట్ల ప్రయోగాత్మక కేంద్రం భూమిలోంచి వచ్చే వేడి నీళ్లతో కరెంటు తీస్తుంది. అది గోదావరి లోయ భూగర్భానికి దక్కిన వరం. హీట్ పంపుకు వేడి నీళ్లతో గానీ వేడి రాళ్లతో గానీ పని లేదు. పైన కొన్ని మీటర్లు వదిలేస్తే, నూరు మీటర్ల లోపు నేల ఏడాది పొడవునా దాదాపు ఒకే ఉష్ణోగ్రతలో ఉంటుంది కాబట్టి, గదిలోని వేడిని తీసి అక్కడ వదలడమో, అక్కడి వేడిని తీసి గదిలో వదలడమో చేస్తుంది, అంతే. ఆ స్థిరమైన ఉష్ణోగ్రత ఆ ఊరి ఏడాది సగటు గాలి ఉష్ణోగ్రతకు దగ్గరగా, కాస్త పైన ఉంటుంది. హైదరాబాద్‌లో అది దాదాపు 28 డిగ్రీలు. మిన్నెసోటాలో 10కి కాస్త అటూ ఇటూ.

అసలు తేడా అక్కడే మొదలవుతుంది. అక్కడి ఇల్లు చలికాలమంతా నేలలోంచి వేడి తీసుకుంటుంది, ఎండాకాలంలో కొంత తిరిగి ఇస్తుంది. మన ఇల్లు ఇవ్వడమే తప్ప తీసుకునేది లేదు. అమెరికాలో ఈ పద్ధతి చూసి వచ్చి, ఇక్కడ కట్టుకునే విల్లాలోనూ అదే కావాలని అడిగేవాళ్లున్నారు. వాళ్లకు ఈ ఒక్క ముక్క ఎవరూ చెప్పడం లేదు.

మూడు టన్నుల ఏసీ ఉన్న విల్లా తీసుకుందాం. ఒక టన్ను చల్లదనమంటే 3.5 కిలోవాట్లు. కంప్రెసర్ తినే కరెంటు కూడా వేడిగా మారి దానికి తోడవుతుంది కాబట్టి టన్నుకు సుమారు 4.3 కిలోవాట్ల వేడిని నేలలోకి పంపాలి. ఏడాదికి 1,500 గంటలు పూర్తి లోడుతో నడిచిందనుకుంటే నేలలోకి దిగే వేడి 19,000 యూనిట్లు దాటుతుంది. నలుగురున్న ఇంటికి రోజూ 200 లీటర్ల స్నానపు నీళ్లను 27 నుంచి 50 డిగ్రీలకు కాచడానికి ఆ వేడినే వాడుకున్నా, ఏడాదికి తగ్గేది సుమారు 1,950 యూనిట్లు. అంటే పదో వంతు. వేడి నీళ్లతో లెక్క సరిపోతుందని అమ్మకందారులు చెప్పే మాట ఇళ్ల విషయంలో నిలవదు.

మిగతా వేడి ఎటు పోతుంది? గ్రానైట్ వేడిని బాగానే ప్రసరింపజేస్తుంది. మీటరుకు, డిగ్రీకి 2.5 నుంచి 3.5 వాట్లు. బోరు మీటరుకు 30 వాట్లకు మించకుండా చూసుకుంటే మూడు టన్నులకు 430 మీటర్లు, అంటే 350 అడుగుల బోర్లు నాలుగు కావాలి. ఉత్తర అమెరికాలో టన్నుకు 150 నుంచి 250 అడుగులు సరిపోతాయన్నది వాడుక లెక్క. ఇక్కడ సుమారు 470 అడుగులు పడుతోంది. నాలుగు బోర్లను ఆరేసి మీటర్ల దూరంలో వేస్తే, రాతిలో నీటి కదలిక లేదనుకుని లెక్కవేసినా, పదేళ్లలో వాటి చుట్టూ నేల పెరిగేది రెండున్నర, మూడు డిగ్రీలు. ఇది తట్టుకోవచ్చు.

అదే పద్ధతిని ఒక అపార్ట్‌మెంటుకు పట్టుకెళ్లండి. 28 టన్నుల లోడు, నూరు మీటర్ల బోర్లు నలభై, అయిదు వరసల్లో, అదే ఆరు మీటర్ల దూరం. మీటరు మీద పడే భారం ఏమీ మారలేదు. కానీ మధ్యలో ఉన్న బోరుకు నాలుగు వైపులా వేడెక్కుతున్న బోర్లే. దాని చుట్టూ పదేళ్లలో పెరిగేది 8 నుంచి 10 డిగ్రీలు. 28 డిగ్రీల నేల 37, 38 అవుతుంది. దాని మీద పైపులో నీళ్లు ఇంకో ఆరేడు డిగ్రీలు ఎక్కువ ఉంటే తప్ప వేడి బయటికి పోదు. యంత్రంలో వేడి వదిలే భాగమైన కండెన్సర్‌లోకి 43, 44 డిగ్రీల నీళ్లు వచ్చాయంటే, కంప్రెసర్‌ను ఆపేసే హై ప్రెషర్ స్విచ్ పడిపోవడానికి ఇక ఎంతో దూరం లేదు. మొదటి రెండేళ్లు అద్భుతంగా పనిచేస్తుంది కాబట్టి కాంట్రాక్టరు బిల్లు పూర్తిగా తీసుకుని వెళ్లిపోయి ఉంటాడు. విల్లాలో నడిచిందని లేఅవుట్‌కు అనుమతివ్వడం అందుకే ప్రమాదం.

దీనికి మందు లేకపోలేదు. హైదరాబాద్‌లో డిసెంబరు, జనవరి రాత్రులు గాలి 15 డిగ్రీల దరిదాపుల్లో ఉంటుంది. కప్పు మీద ఒక డ్రై కూలర్, అంటే ఫ్యాను ఉన్న రేడియేటర్ పెట్టి, కంప్రెసర్ ఆపేసి, బోర్ల నీళ్లను రాత్రంతా దాని గుండా తిప్పితే నేలలో చేరిన వేడిలో మూడో వంతు నుంచి సగం దాకా వెనక్కి తీయవచ్చని మా లెక్క. ఖర్చు ఫ్యానుకూ పంపుకూ అయ్యే కరెంటే. కూలింగ్ టవర్ కలిపితే ఇంకా సులువు గానీ, అది టన్నుకు గంటకు ఆరేడు లీటర్ల నీళ్లు ఆవిరి చేస్తుంది, మురుగుగా వదిలేది అదనం. ట్యాంకర్ మీద బతికే కాలనీలో ఆ దారి మేము చెప్పం. అయిదు బోర్లు దాటిన ఏ ప్రాజెక్టుకైనా ఇరవై ఏళ్ల నేల ఉష్ణోగ్రత లెక్క, వేడిని వెనక్కి తీసే ఏర్పాటు రెండూ చూపకపోతే అనుమతి ఇవ్వవద్దన్నది మా మొదటి విన్నపం.

రెండోది బ్రోచర్ల సంగతి. ఐఎస్ఓ 13256-1 ప్రమాణంలో నేలలోని మూసిన పైపుల్లో నీళ్లు తిప్పే గ్రౌండ్ లూప్ యంత్రాన్ని చల్లబరిచే పనికి పరీక్షించేటప్పుడు లోపలికి వచ్చే నీళ్లు 25 డిగ్రీలుంటాయి. మన నేలే 28. వేడి వదలక ముందే మూడు డిగ్రీలు ఎక్కువ. అంటే బ్రోచర్ మీది సామర్థ్యం ఇక్కడ ఒక్క గంట కూడా రాదు. నీళ్లు ఒక్కో డిగ్రీ పెరిగే కొద్దీ సామర్థ్యం 2, 3 శాతం పడిపోతుంది. టెండర్లలోనూ సబ్సిడీ దరఖాస్తుల్లోనూ 35 డిగ్రీల నీళ్ల దగ్గర యంత్రం ఎంత చల్లదనం ఇస్తుంది, ఎంత కరెంటు తింటుంది అన్న అంకెలే అడగండి. తయారీదారుల పట్టికల్లో అవి ఉంటాయి, అడగకపోతే మాత్రం చూపరు.

ఇప్పుడు డబ్బు లెక్క, మొహమాటం లేకుండా. పైన చెప్పిన విల్లాకు ఏడాదికి 15,750 యూనిట్ల చల్లదనం కావాలి. ఐఎస్ఈఈఆర్, అంటే సీజన్ సగటు సామర్థ్యం, 5 ఉన్న ఇన్వర్టర్ స్ప్లిట్ ఏసీ దానికి 3,150 యూనిట్ల కరెంటు తింటుంది. భూమి వ్యవస్థ సీజన్ సగటున ఒక యూనిట్ కరెంటుతో 4.8 యూనిట్ల చల్లదనం ఇచ్చిందనుకున్నా 3,280, సర్క్యులేషన్ పంపుకు ఇంకో 340. మొత్తం 3,600 పైనే. పొదుపు లేకపోగా కాస్త ఎక్కువే. 3.5 దగ్గరున్న పాత ఏసీతో పోలిస్తే తొమ్మిది వందల యూనిట్లు మిగులుతాయి, యూనిట్ పది రూపాయలనుకుంటే ఏడాదికి తొమ్మిది వేలు. అడుగుకు వంద రూపాయలనుకున్నా 1,400 అడుగుల డ్రిల్లింగుకే 1,40,000 అవుతుంది. పైపు, దాని చుట్టూ బోరులో నింపే గ్రౌటు, యంత్రం ఇంకా లెక్కలోకి రాలేదు.

మరి లాభం ఎక్కడ? మే నెల మధ్యాహ్నం మూడింటికి. బయట 43 డిగ్రీలు, అపార్ట్‌మెంటు డక్టులో ఇరుక్కున్న అవుట్‌డోర్ యూనిట్ల దగ్గర అంతకంటే నాలుగైదు ఎక్కువ. గాలితో చల్లబడే ఏసీ సామర్థ్యం సరిగ్గా అప్పుడే కుప్పకూలుతుంది. నేల లోపల మాత్రం ఆ మధ్యాహ్నమూ ఇతర మధ్యాహ్నాల్లాంటిదే. కాబట్టి మిగిలేది యూనిట్ల కన్నా పీక్ లోడు, అంటే అందరూ ఒకేసారి కరెంటు వాడే వేళ పడే భారం. అది ఇంటి యజమాని బిల్లులో కనపడదు, డిస్కంకు కనపడుతుంది. ప్రోత్సాహకం ఇవ్వాలనుకుంటే పీక్ వేళల్లో మీటరు చూపిన తగ్గుదలకు ఇవ్వండి. అమర్చిన టన్నులకు కాదు.

ఇళ్లకే ఇవ్వాలా అన్నది కూడా ఆలోచించండి. పగలూ రాత్రీ చల్లదనమూ వేడి నీళ్లూ రెండూ కావాల్సిన ఆసుపత్రులు, హోటళ్లకు ఈ పద్ధతి అతికినట్టు సరిపోతుంది. నేలలోకి పోయే వేడిలో పెద్ద వాటా వంటింట్లో, లాండ్రీలో, స్నానాల గదుల్లో ఖర్చయిపోతుంది. అరకు, పాడేరు, లంబసింగి వైపు అతిథి గృహాలకు చలికాలంలో గదులు వెచ్చబరుచుకోవాల్సిన అవసరం నిజంగా ఉంది. అక్కడ తీసిందానికీ ఇచ్చిందానికీ తేడా తగ్గుతుంది. హైదరాబాద్ ఇంటికైతే బోరు కన్నా ముందు కప్పు. తెలంగాణకు 2023లో వచ్చిన కూల్ రూఫ్ విధానం ఉంది. ఇళ్ల ఇంధన పొదుపు నియమావళి అయిన ఎకో నివాస్ సంహిత 2018లో గోడలు, కిటికీల నుంచి లోపలికొచ్చే వేడికి చదరపు మీటరుకు 15 వాట్ల పరిమితి ఉంది. ఆ రెండూ పాటించిన ఇంటికే భూమి వ్యవస్థ దరఖాస్తు తీసుకుంటామని రాయండి. లోడు తగ్గితే బోర్ల సంఖ్యా తగ్గుతుంది, నేలా బతుకుతుంది.

ఇక బోరు పని. ఎక్కువ వ్యవస్థలు చెడిపోయేది ఇక్కడే. లోపల ఏం జరిగిందో పైకి కనపడదు కాబట్టి తప్పు పట్టుకోవడమూ కష్టమే.

మన రిగ్గులు వేసే ఆరున్నర అంగుళాల బోరులో 40 మిల్లీమీటర్ల హెచ్‌డీపీఈ పైపు యూ ఆకారంలో దిగుతుంది. పీఈ 100, ఎస్‌డీఆర్ 11 రకం కావాలి. కింది యూ బెండ్ ఫ్యాక్టరీలోనే వెల్డ్ అయి రావాలి. భూమిలో ఎక్కడా థ్రెడ్ జాయింటు, క్లాంపు ఉండకూడదు, బోర్ల పైపులన్నీ కలిసే హెడర్ దగ్గరి అతుకులు కూడా ఎలక్ట్రోఫ్యూజనే, అంటే కరెంటు వేడితో కరిగించి అతికినవే. పైపు మీద రాసుండే 16 బార్ రేటింగు 20 డిగ్రీలకు. 40 డిగ్రీల దగ్గర అది 12కు దిగుతుంది. మన డిజైన్ దానిమీదే చేయాలి. పైపును ఖాళీగా దింపితే నీళ్లున్న బోరులో తేలుతుంది. కాబట్టి నీళ్లు నింపి, ప్రెషర్ పెట్టి, కింద బరువు కట్టి దింపాలి. గ్రౌటు పోసి అది గట్టిపడే దాకా ఆ ప్రెషర్ అలాగే ఉంచాలి. గ్రౌటు నీళ్ల కంటే బరువు. 350 అడుగుల లోతులో ఆ తేడాయే నాలుగైదు బార్ల దాకా పోతుంది, ప్రెషర్ లేని పైపును నొక్కేస్తుంది. ప్రెషర్ పరీక్ష పైపు దింపక ముందు ఒకసారి, గ్రౌటు అయ్యాక ఇంకోసారి. హెచ్‌డీపీఈ మొదట్లో కొంచెం సాగుతుంది కాబట్టి గేజీ ముల్లు కాస్త దిగుతుంది. అది లీకు కాదు. మళ్లీ ఎక్కించి గంట చూస్తే తెలిసిపోతుంది.

గ్రౌటు అంటే బెంటొనైట్ అనే బంకమట్టి, నీళ్లు, దానికి తోడు సిలికా ఇసుక. ఒట్టి బెంటొనైట్ ప్రసరణ 0.7, 0.8 వాట్లే. ఇసుక సరిగా కలిపితే అది రెట్టింపవుతుంది. పోయాల్సింది పైనుంచి కాదు. సన్నటి పైపును అడుగు దాకా దించి, కింది నుంచి నింపుకుంటూ పైకి రావాలి. 350 అడుగుల బోరుకు 2,000 లీటర్లు పడుతుంది, రాతి పగుళ్లు తాగేది ఇంకో 20, 30 శాతం. ఎన్ని లీటర్లు పోశారో సైట్ రిజిస్టరులో రాయించండి. వెయ్యి లీటర్లతో బోరు నిండిందంటే మధ్యలో ఎక్కడో అడ్డుపడి గాలి మిగిలిపోయిందని అర్థం. డ్రిల్లింగులో వచ్చిన రాతి పొడినే పారతో తోసేసి పని ముగించే అలవాటు కూడా ఉంది. ఆ పొడి సగంలో ఇరుక్కుంటుంది. పైపు చుట్టూ గాలి ఉన్న బోరు లెక్కలో బోరే గానీ, పనిలో కాదు.

గట్టి రాయి కదా, స్వీడన్‌లో లాగా బోరును నీళ్లతోనే వదిలేద్దామనే వాదన వస్తుంది. ఒప్పుకోవద్దు. మన దగ్గర భూగర్భ జలమట్టం వేసవికి బాగా దిగిపోతుంది. సరిగ్గా ఏసీ పూర్తి లోడుతో నడిచే నెలల్లోనే బోరు పై భాగం ఎండిపోయి పనికిరాకుండా పోతుంది. రెండో కారణం ఇంకా ముఖ్యం. గ్రౌటు వేయని బోరు పైనున్న మురుగు నీటినీ, కిందనున్న మంచి నీటినీ కలిపేస్తుంది. నల్లగొండ లాంటి ఫ్లోరైడ్ ప్రాంతాల్లో ఒక పొర నీళ్లు ఇంకో పొరలోకి దిగితే ఏమవుతుందో భూగర్భ జల శాఖకు మేము చెప్పక్కర్లేదు. కాబట్టి అడుగు నుంచి నేల మట్టం దాకా గ్రౌటు తప్పనిసరి కావాలి.

నల్లరేగడి నేలల్లో ఆరేడు అడుగుల లోతు కందకం తవ్వి అడ్డంగా పైపులు పరిచే పద్ధతిని పూర్తిగా పక్కన పెట్టండి. వేడికి మట్టిలో తేమ ఆరుతుంది, మట్టి ముడుచుకుని పైపును వదిలేస్తుంది, ఆ సందులో గాలి చేరుతుంది. వానాకాలంలో మళ్లీ ఉబ్బి పైపును లాగుతుంది. డెల్టాలో కథ వేరు. విజయవాడ, కాకినాడ వైపు నీటితో నిండిన ఒండ్రు నేల వేడిని తీసుకెళ్తుంది గానీ, రాతిలో వాడే సుత్తి రిగ్గుతో వేస్తే బోరు కూలిపోతుంది. బురద ద్రావణంతో వేసే రోటరీ రిగ్గు కావాలి. ఖర్చూ వేరే.

భూగర్భ జలాన్ని తోడి, కండెన్సర్‌లో తిప్పి, కాలువలోకి వదిలే ఓపెన్ లూప్‌కు రెండు రాష్ట్రాల్లోనూ అనుమతి ఇవ్వవద్దు. టన్నుకు నిమిషానికి సుమారు 11 లీటర్లు కావాలి. మూడు టన్నుల ఇల్లు ఎనిమిది గంటల్లో 16,000 లీటర్లు తోడేస్తుంది, అంటే మూడు చిన్న ట్యాంకర్లు, ఒక్క రోజుకి. తిరిగి ఇంకో బోరులోకి పంపుతామంటారు. గ్రానైట్ పగుళ్లు సున్నంతో, ఇనుముతో పూడుకుపోతే ఆ నీళ్లు చివరికి వీధిలోకే వస్తాయి.

వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టంలోని బోరు నిబంధనలు నీళ్ల కోసం వేసే బోరును దృష్టిలో పెట్టుకుని రాసినవి. నీళ్లు తీయని, పైపు దించి మూసేసే బోరుకు విడిగా ఒక దరఖాస్తు, విడిగా ఒక రిజిస్టరు కావాలి. రిగ్గుల నమోదు ఇప్పటికే ఉంది కాబట్టి, గ్రౌటింగ్ పంపు ఉన్న రిగ్గులకే ఈ పని అని చేర్చడం కష్టం కాదు. బోరు వేసిన రోజుకూ పైపు దింపే రోజుకూ మధ్య ఖాళీ బోరుకు స్టీలు మూత బిగించాలి. తెరిచి వదిలేసిన బోర్ల మీద 2010లో సుప్రీంకోర్టు ఇచ్చిన మార్గదర్శకాలు దీనికీ వర్తింపజేయండి.

నేలను కొలవడం గురించి శీర్షికలోనే అడిగాం. అదేమీ బ్రహ్మవిద్య కాదు. మొదటి బోరు వేసి, గ్రౌటు అయ్యాక అయిదు రోజులు వదిలేయాలి. తర్వాత హీటరు వేయకుండా కాసేపు నీళ్లు తిప్పితే నేల అసలు ఉష్ణోగ్రత తెలుస్తుంది. ఆ పైన మీటరుకు 50 నుంచి 80 వాట్ల చొప్పున, నూరు మీటర్ల బోరుకైతే 5 నుంచి 8 కిలోవాట్ల హీటరుతో, 48 గంటలు ఆపకుండా వేడి పంపుతూ, వెళ్లే నీళ్ల, వచ్చే నీళ్ల ఉష్ణోగ్రతలు రాసుకోవాలి. ఉష్ణోగ్రత పెరిగిన గీత వాలును బట్టి రాయి ప్రసరణ, ఆ గీత ఎత్తును బట్టి బోరు నిరోధం, అంటే పైపు నుంచి రాతికి పోయే వేడికి బోరు పెట్టే అడ్డు, లెక్కకు వస్తాయి. మన దగ్గర ఈ పరీక్షను పాడుచేసేది కరెంటు. వోల్టేజి ఊగితే వాలు వంకర పోతుంది. మధ్యలో కరెంటు పోతే మళ్లీ మొదలుపెట్టడానికి నేల చల్లారేదాకా పది, పన్నెండు రోజులు ఆగాలి. జనరేటరు, స్టెబిలైజరు లేకుండా చేసిన పరీక్ష నివేదికను తీసుకోకండి. ఒక్క విల్లాకు ఇది భారమే. రెండు రాష్ట్రాల్లోనూ ప్రధాన నేల రకాల్లో మీ ఖర్చుతో పదేసి పరీక్షా బోర్లు వేయించి, ఫలితాలు అందరికీ ఇస్తే చిన్న ఇళ్లకు విడి పరీక్ష అక్కర్లేదు. హైదరాబాద్‌లో జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్ఐ) ఉంది. బోర్లలో ఉష్ణోగ్రతలు కొలవడం వాళ్లకు కొత్త కాదు. సబ్సిడీ డబ్బులో మొదటి రూపాయి దీనికే పోవాలంటాం.

చివరగా, అప్పగించే రోజున ఇన్‌స్పెక్టరు చూడాల్సినవి కొన్ని. పైపుల్లో గాలి పోవాలంటే నీళ్లు సెకనుకు రెండడుగుల వేగంతో పరుగెత్తాలి. 40 మిల్లీమీటర్ల పైపు అయితే ఒక్కో లూపుకు, అంటే ఒక బోరులో దిగి పైకి వచ్చే పైపుకు, నిమిషానికి 30 లీటర్లు. ఇంట్లో బిగించే చిన్న సర్క్యులేషన్ పంపుకు ఆ శక్తి ఉండదు. విడిగా ఫ్లషింగ్ పంపు తేవాలి. గాలి మిగిలితే పంపు గలగలమంటుంది, ఒక లూపులో ప్రవాహం ఆగిపోతుంది, మిగతా వాటి మీద భారం పడుతుంది. లూపులో గ్లైకాల్ కలిపారేమో అడగండి. విదేశీ మాన్యువల్ చూసి కలిపేస్తారు. నీళ్లు గడ్డకట్టని ఊళ్లో అది పంపు కరెంటు పెంచడానికి తప్ప పనికిరాదు. కావాల్సింది మెత్తటి నీళ్లు, తుప్పు నిరోధక మందు. పంపు కరెంటు టన్నుకు 75 వాట్లు దాటితే డిజైన్ వెనక్కి పంపండి. కంప్రెసర్‌కూ పంపుకూ కలిపి ఒక మీటరు, లూపు నీళ్లు వచ్చే చోటా పోయే చోటా ఒక్కో థర్మామీటరు, ఒక ఫ్లో మీటరు ఉండాలి. సబ్సిడీలో సగం అప్పగించినప్పుడు, మిగతా సగం మూడో వేసవి దాటాక, ఆ రీడింగులు చూసి ఇవ్వండి.

ప్రతి బోరు ఎక్కడుందో, ఎంత లోతో, కేసింగ్ ఎన్ని అడుగులో, ఎన్ని లీటర్ల గ్రౌటు పట్టిందో ఒక మ్యాపు మీద గుర్తించి, ఒక ప్రతి ఇంటి యజమానికి, ఒకటి భూగర్భ జల శాఖకు ఇప్పించండి. హెడర్ పైపులకు ఒక అడుగు ఎత్తున హెచ్చరిక టేపు, పక్కనే ఒక రాగి తీగ పరిపించండి. అయిదేళ్ల తర్వాత నీటి లైను కోసం వచ్చే జేసీబీ డ్రైవరుకు కింద ఏముందో తెలిసేది ఆ టేపుతోనే.

భవదీయులు,
ఏసీ వ్యవస్థల డిజైన్, బోరు డ్రిల్లింగ్, భూగర్భ జల రంగాల్లో పనిచేస్తున్న కొందరు ఇంజనీర్లు